చెన్నపట్నం వయసెంత? ఆగస్టు 22 మీద ఆగని పేచీ

ఏటా ఆగస్టు మూడో వారం వచ్చేసరికి చెన్నై తన గతాన్ని తవ్వుకోవడం మొదలుపెడుతుంది. జార్జిటౌను సందుల్లో పొద్దున్నే చరిత్ర నడకలు, మైలాపూరులో ప్రసంగాలు, బడిపిల్లలకు క్విజ్‌లు, పాత ఫోటోల ప్రదర్శనలు, నాణేలూ తపాలా బిళ్లలూ దాచుకున్నవారి ఇళ్ల నుంచి బయటికొచ్చే పెట్టెలు. వీటన్నింటికీ నిమిత్తం ఆగస్టు 22, మద్రాస్ డే. 1639లో ఆ రోజున ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున ఒక ఇసుకనేల దక్కిందనీ, అదే నగరానికి పుట్టినరోజనీ లెక్క. ఆ లెక్కన 2014లో 375 ఏళ్లు నిండాయి. 2039లో 400 నిండుతాయి.

వేడుకతో పాటే ఏటా పేచీ కూడా వస్తుంది. మైలాపూరుకు వెయ్యేళ్లు దాటిన చరిత్ర ఉండగా నగరం వయసు నాలుగు వందల లోపేమిటని కొందరు అడుగుతారు. తెల్లవాడు వచ్చిన రోజును మనం పండుగ చేసుకోవడమేమిటని మరికొందరు. ఇక తెలుగువారు కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: ఆ నేల ఇచ్చినవాడు మనవాడే కదా, ఆయన ఊసెక్కడ? ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ ఒకే తేదీ జవాబు చెప్పాలని పట్టుబట్టడం వల్లనే చిక్కు పడింది. ఆగస్టు 22 ఊరు పుట్టిన రోజు కాదు, ఒక బేరం కుదిరిన రోజు. దాన్ని పుట్టినరోజుగా నిలబెట్టింది తర్వాతి తరాలవారు. ఎవరు, ఎందుకు నిలబెట్టారో చూస్తే పేచీలో సగం తీరిపోతుంది. మిగతా సగం తీరదు, తీరనవసరమూ లేదు.

ముందు బేరం సంగతి.

కంపెనీవారు 1611 నుంచే మచిలీపట్నంలో వర్తకం చేస్తున్నారు. అది గోల్కొండ సుల్తాను ఏలుబడి. అక్కడి అధికారుల వసూళ్లతో వేగలేక దక్షిణంగా దిగి, నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర ఒక స్థావరం పెట్టుకున్నారు. వారి కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ మంచి బట్ట దొరకలేదు, స్థానిక నాయకుడితో పొసగలేదు. ఆ స్థావరానికి చెందిన ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి వెళ్లి తీరం వెంట చోటు వెతికాడు. శాంథోమ్‌లోని పోర్చుగీసు కాలనీకి ఉత్తరాన, కూవం నది సముద్రంలో కలిసే చోట ఉన్న నేల ఆయనకు నచ్చింది. ఓడలు ఆగడానికి అక్కడ రేవు లేదు. అలల పోటు విపరీతం. అయినా ఆ చుట్టుపక్కల నేత బట్ట మిగతా చోట్ల కంటే ఇరవై శాతం చౌక అని ఆయన పైవారికి నివేదించాడు. శాంథోమ్‌లో ఆయనకో ప్రియురాలు ఉండేదని, అసలు కారణం అదేనని కూడా ఒక పుకారు నాటి నుంచీ ఉంది. పుకారు నిజమే కావచ్చు గానీ, కంపెనీని ఒప్పించింది మాత్రం బట్ట ధరే.

ఆ తీరం అప్పటికి విజయనగర వారసులైన ఆరవీటి వంశపు రాజుల కిందిది. హంపీ పోయాక పెనుకొండ, ఆ తర్వాత చంద్రగిరి, వెల్లూరు రాజధానులుగా ఆ వంశం పాలన సాగించింది. 1639లో గద్దె మీద ఉన్నది వెంకటపతి రాయలు. ఆయన కింద ఈ ప్రాంతాన్ని చూసుకుంటున్నది దామెర్ల సోదరులు. వందవాసి నుంచి వెంకటాద్రి నాయకుడు, పూనమల్లి నుంచి అయ్యప్ప నాయకుడు. డేకు నేల రాసిచ్చింది వెంకటాద్రి నాయకుడు. కొత్త పట్నానికి తమ తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు పెట్టాలన్నది ఆ సోదరుల కోరిక.

నాయకుడు అమాయకంగా నేల ధారపోశాడనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు. ఆయన ఏమేం ఆశించాడో కంపెనీవారే రాసుకున్నారు. వర్తకం పెరిగి తన దేశానికి రాబడి రావాలి. తన డబ్బుకు పర్షియా నుంచి మేలుజాతి గుర్రాలు తెప్పించాలి. బంగాళానికి ఏటా మనిషిని పంపి డేగలు, కోతులు, చిలుకలు కొనిపించాలి. అన్నిటికీ మించి, ఇరుగుపొరుగు నాయకులు మీదికి వస్తే తాను తలదాచుకోవడానికి గట్టి కోట ఒకటి ఉండాలి. ఇందుకు బదులుగా మొదటి రెండేళ్లు ఊరి పాలన, రాబడి కంపెనీకి. ఆ తర్వాత రాబడి చెరిసగం. నాణేలు అచ్చువేసుకునే హక్కు కూడా ఇచ్చాడు. తన ఆటలో తెల్లవాడు ఒక పావు అనుకున్నాడు నాయకుడు. అప్పటి బలాబలాలను బట్టి చూస్తే అది తెలివితక్కువ లెక్కేమీ కాదు. కోట ఖర్చు చూసి గుర్రుమన్నది నిజానికి లండన్‌లోని కంపెనీ పెద్దలు.

ఇప్పుడు తేదీ సంగతి. ఇక్కడే అసలు చిక్కు.

ఆ ఒప్పంద పత్రం మూలం ఇప్పుడు లేదు. బంగారు రేకు మీద చెక్కి ఇచ్చారనీ, 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకున్నప్పుడు అది పోయిందనీ చెప్పుకుంటారు. మిగిలింది ఇంగ్లీషు ప్రతులే. వాటిలో జూలై 22 అని కనిపిస్తుంది. కానీ డే మద్రాసపట్నం చేరిందే జూలై 27న. మనిషి రాకముందే పత్రం పుట్టదు గనుక, రాసినవాడు నెల తప్పు వేశాడనీ, అది ఆగస్టు 22 అయి ఉండాలనీ చరిత్రకారులు తేల్చారు. అంటే ఇప్పుడు వేడుక జరుగుతున్నది పత్రంలో ఉన్న తేదీన కాదు, సవరించిన తేదీన.

ఇంకో మెలిక ఉంది. ఆనాటి ఇంగ్లీషువారు పాత జూలియన్ కాలెండరు వాడేవారు. 1752 దాకా వారు దాన్ని వదల్లేదు. పదిహేడో శతాబ్దంలో ఆ కాలెండరు ఇప్పుడు మనం వాడేదాని కంటే పది రోజులు వెనకబడి ఉంది. ఆ పది రోజులూ కలిపితే 1639 ఆగస్టు 22 మన లెక్కలో సెప్టెంబరు 1 అవుతుంది. ఈ సవరణ చేయాలని ఎవరూ పట్టుబట్టకపోవడం మంచిదే. వేడుకకు గుర్తు కావాలి గానీ పంచాంగ గణితం అక్కర్లేదు.

పోనీ, బేరం కుదిరిన రోజే ఎందుకు? డే, ఆయన పై అధికారి ఆండ్రూ కోగన్ మనుషులతో, సామానుతో వచ్చి దిగింది 1640 ఫిబ్రవరి 20న. ఊరు మొదలైంది అప్పుడే అనుకోవచ్చు. కోటలో మొదటి భాగం పూర్తయింది ఆ ఏడాది ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండుగ నాడు. కోటకు ఆ పేరు అందుకే. దాన్నీ పుట్టినరోజు అనుకోవచ్చు. 1645లో రాజు శ్రీరంగరాయలు స్వయంగా ఆ హక్కులను ధ్రువీకరించాడు. అంతకు ముందున్నది కింది నాయకుడి మాట, పైవాడి ముద్ర పడింది అప్పుడే అనే వాదనకూ బలముంది. 1688 సెప్టెంబరు 29న కార్పొరేషన్ ఏర్పడింది. మేయరు, పన్నెండుగురు ఆల్డర్‌మన్లు అనే పాలక సభ్యులు, వారిలో హిందూ వర్తకులు, పోర్చుగీసులు, యూదులు. నగరమంటే పురపాలన అనుకునేవారికి అదే అసలు తేదీ. ఇన్ని తేదీల్లో ఏది ఎంచుకున్నా అందులో నగరమంటే ఏమిటన్న అభిప్రాయం ఒకటి దాగి ఉంటుంది. ఒకరికి ఊరంటే హక్కు పత్రం, ఒకరికి గోడ, ఒకరికి పన్ను వసూలు చేసే సంస్థ.

వీటన్నిటికీ పక్కన పెట్టాల్సిన ఆధారం ఒకటి తెలుగులో ఉంది. తెలుగువారిలోనే అది తెలిసినవారు తక్కువ. దామెర్ల సోదరుల్లో మరొకడు అంకభూపాలుడు కవి. ఆయన రాసిన ఉషాపరిణయం అనే కావ్యంలో తమ వంశాన్ని వర్ణిస్తూ ఒక మాట చెప్పాడు. ప్రళయకావేరికీ మైలాపురికీ మధ్య, ఆ రెంటి పోరు అణచడానికి, అయ్య తన తండ్రి పేర చెన్నపట్నం కట్టించాడని. ప్రళయకావేరి అంటే పులికాట్, డచ్చివారి స్థావరం. మైలాపురి పక్కన శాంథోమ్‌లో పోర్చుగీసువారు. ఈ కథనంలో ఫ్రాన్సిస్ డే లేడు, కంపెనీ లేదు. ఊరు కట్టింది అయ్యప్ప నాయకుడు. కారణం బట్ట వ్యాపారం కాదు, రాజనీతి. కావ్యంలో అతిశయోక్తి ఉంటుంది, తమ్ముడు అన్నను పొగడక ఏం చేస్తాడు? నిజమే. కానీ కంపెనీ గుమాస్తా ఉత్తరంలోనూ స్వోత్కర్ష తక్కువేమీ ఉండదు. తన పై అధికారుల మెప్పు కోసం రాసినవాడి మాట చరిత్ర, తన అన్నల మెప్పు కోసం రాసినవాడి మాట కవిత్వం అని ముందే తీర్మానించుకుంటే మనం సరిగా చదవనట్టే. రెండు ఆధారాలూ కలిపి చదివితే తెలిసేది ఇది: ఆ ఇసుకనేల మీద పట్నం కట్టాలన్న కోరిక రెండు వైపులా ఉంది.

పట్నం నిండిందీ ఆ రెండు వైపుల మనుషులతోనే. కోట లోపల తెల్లవారు, బయట బట్ట వ్యాపారులు, దుబాసీలు, నేతగాళ్లు, అద్దకంవారు. డే తరఫున మాట్లాడినవారిలో ఒకడని చెప్పే బేరి తిమ్మన్న, కంపెనీకి మందుగుండు తయారుచేసిన నాగభట్టు వీరిలో ముఖ్యులు. 1646, 1648 నాటి దానపత్రాల్లో వారిద్దరి పేర్లు చెన్నకేశవ ఆలయంతో ముడిపడి కనిపిస్తాయి. ఆ గుడి, పక్కనే చెన్నమల్లేశ్వర ఆలయం ఇప్పటి హైకోర్టు ఉన్న చోట ఉండేవి. ఫ్రెంచి యుద్ధాల కాలంలో కోట ముందు మైదానం ఖాళీ చేయడానికి 1757లో కంపెనీ వాటిని తీసేసింది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో పూలబజారు దగ్గర మళ్లీ కట్టారు. ఇప్పటికీ వాటిని పట్టణం కోవెలలు అంటారు. చెన్నప్ప పేరు మోస్తూ నగరం మొదటి దశాబ్దంలోనే వెలసిన ఈ గుళ్లు, నా దృష్టిలో, ఆ పుట్టుకకు కోట కంటే మంచి సాక్ష్యాలు.

ఇక వెయ్యేళ్ల వాదన. ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మైలాపూరు కపాలీశ్వరుడి మీద శైవ భక్తకవి సంబందర్ ఏడో శతాబ్దంలోనే పదాలు పాడాడు. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడిలో పల్లవ రాజు దంతివర్మ కాలపు శాసనం ఉంది. తిరువొత్తియూరులో పల్లవుల, చోళుల శాసనాలు బోలెడు. ఇంకా వెనక్కి పోతే, 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు పల్లావరంలో రాతియుగపు చేతిగొడ్డలి దొరికింది. భారతదేశపు పూర్వచరిత్ర అధ్యయనానికి అదే నాంది. గొడ్డలిని లెక్కలోకి తీసుకుంటే ఏ ఊరికీ పుట్టినరోజు ఉండదు.

అయితే ఇవేవీ 1639లో మద్రాసు కావు. తిరువల్లిక్కేణి 1676లో కంపెనీ చేతికి వచ్చింది. ఎగ్మూరు, పురసవాక్కం, తొండియార్‌పేట 1693లో. తిరువొత్తియూరు, నుంగంబాక్కంతో సహా ఐదు గ్రామాలు 1708లో. వేపేరి 1742లో. మైలాపూరు, శాంథోమ్‌లైతే 1749లో. అంటే మద్రాసు పుట్టిన 110 ఏళ్లకు గానీ మైలాపూరు దానిలో భాగం కాలేదు. వయసులో ఎంతో పెద్దదైన ఊరు చిన్న ఊరి పేరు కిందికి వచ్చింది. 2011లో కార్పొరేషన్ పరిధి 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగినప్పుడు జరిగిందీ ఇదే. పల్లెలు, పురపాలికలు కలిసిపోయాయి, వాటి చరిత్రలు కూడా కలిశాయి. కాబట్టి 1639 అనేది ఇక్కడి మనుషుల వయసు కాదు, ఈ ఊళ్లను ఒక్కటిగా కుట్టిన దారం వయసు. దారం కొత్తదని చెబితే గుడ్డ కొత్తదని అర్థం కాదు.

కలకత్తాలో ఈ పేచీ కోర్టుకెక్కింది. 1690 ఆగస్టు 24న కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ అడుగుపెట్టిన రోజే నగరపు పుట్టినరోజని అక్కడ చాలాకాలం పాఠాలు చెప్పారు. ఆ గ్రామాల జమీందారీ హక్కులున్న సాబర్ణ రాయ్ చౌధురి వంశీకులు దాన్ని సవాలు చేశారు. చరిత్రకారుల సంఘం ఇచ్చిన నివేదికను ఆమోదిస్తూ 2003 మేలో కలకత్తా హైకోర్టు చార్నాక్ స్థాపకుడు కాడని, నగరానికి పుట్టినరోజంటూ లేదని తీర్పు చెప్పింది. వాదనలో పస ఉంది. కానీ ఒక తేదీని రద్దు చేస్తే దాని చుట్టూ జరగవలసిన చర్చకు ఏటా దొరికే సందర్భం కూడా పోతుంది. మద్రాసు ఆ దారి పట్టకపోవడం నాకు నచ్చిన విషయం. అక్కడ తేదీని ఉంచుకుని, దానితో ఏటా తగవు పడుతున్నారు. మద్రాసు వారంలో జరిగే నడకల్లో చాలా భాగం 1639 కంటే పాత గుళ్లకూ చెరువులకూ వెళ్తాయి. తేదీని ప్రశ్నించే ప్రసంగాలు ఆ తేదీ పేరు మీదే జరుగుతాయి.

ఇది వీలవడానికి కారణం వేడుక నడిచే తీరు. 1939లో మూడు వందల ఏళ్ల పండుగ ప్రభుత్వ ఆదరణతో జరిగింది. ప్రదర్శనలు పెట్టారు, పండితుల వ్యాసాలతో బరువైన స్మారక సంపుటి వేశారు. అది పాలకుల వేడుక. అదే ఏడాది యుద్ధం రావడంతో త్వరగానే మరుగునపడింది. ఇప్పటి మద్రాస్ డే 2004లో మొదలైంది. నగర చరిత్రకారుడు ఎస్. ముత్తయ్య, పాత్రికేయులు విన్సెంట్ డిసౌజా, శశి నాయర్ దీనికి ఆద్యులు. తొలి ఏడాది చిన్నగా సాగి, క్రమంగా వారం రోజులకు, ఆపై నెలకు విస్తరించింది. ముత్తయ్య 2019లో కన్నుమూశారు. వేడుక ఆగలేదు, ఎందుకంటే అది ఆయన చేతిలో లేదు. నిర్వాహకులు సమన్వయం చేస్తారే తప్ప అనుమతులు ఇవ్వరు. ఎవరైనా తమ వీధిలో, బడిలో, గ్రంథాలయంలో ఒక కార్యక్రమం పెట్టుకుని ఫలానా రోజు, ఫలానా చోట అని చెబితే చాలు, అది మద్రాస్ డేలో భాగమే.

లోపాలు లేవని కాదు. చాలాకాలం ఈ వేడుక ఇంగ్లీషు చదివినవారిది, మైలాపూరు, అడయారు వైపువారిది అనిపించుకుంది. రాయపురం, వ్యాసర్‌పాడి, ఎన్నూరు వంటి ఉత్తర ప్రాంతాల శ్రామికుల చరిత్ర ఆలస్యంగా చోటు సంపాదించుకుంది. పేరు మీదా తగవే. 1996లో నగరం అధికారికంగా చెన్నై అయింది. వేడుక మాత్రం మద్రాసు పేరుతోనే ఉండిపోయింది. హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఐఐటీ కూడా పాత పేరునే మోస్తున్నాయి గనుక ఈ ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. తమాషా ఏమిటంటే, వలసవాసనలేని పేరుగా ఎంచుకున్న చెన్నై కూడా అదే 1639 బేరం నుంచి వచ్చింది. మద్రాసపట్నం అనే పేరు డే రాకముందే ఉంది.

తెలుగువారి ప్రశ్న మిగిలింది. మనకు మద్రాసు అనగానే గుర్తొచ్చేది పోగొట్టుకున్న ఊరు. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు మీద ఆశ వదులుకోవాలని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభిల సంఘం చెప్పింది. మద్రాసు మనదే అని మనవారు, తల ఇచ్చైనా తలనగరాన్ని కాపాడుకుంటామని తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం వర్గం. 1952 డిసెంబరు 15న మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. ఆ గాయం తర్వాత మద్రాసు గురించి మనం మాట్లాడితే అది దావాలాగా ధ్వనిస్తుంది. అందుకే రెండు పక్షాలవారూ మౌనంగా ఉండటం అలవాటు చేసుకున్నారు.

నిజానికి నాయకుడు తెలుగువాడు కావడం నగరం మీద ఎవరికీ హక్కు ఇవ్వదు. వెంకటాద్రి భాష తెలుగు, ఏలిన నేల తొండైమండలం, ప్రజల్లో ఎక్కువమంది తమిళులు. రాష్ట్రాలు భాషలను బట్టి ఏర్పడతాయని ఆయన ఊహించి ఉండడు. కానీ హక్కు వేరు, జ్ఞాపకం వేరు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి పేర్ల వెనుక ఎవరున్నారో, బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికగా ఎలా మారిందో, వావిళ్లవారి అచ్చుకూటం ఎన్ని పురాణాలను ఇంటింటికీ చేర్చిందో, సినిమా ఎన్ని దశాబ్దాలు అక్కడే కాపురమున్నదో చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలా చెప్పడం తమిళుల నుంచి ఏమీ లాక్కోవడం కాదు. ఆర్మీనియన్ వీధికి ఆ పేరు ఉన్నంత మాత్రాన ఆర్మీనియా మద్రాసును అడగలేదు కదా.

2039కి ఇంకా వ్యవధి ఉంది. నాలుగు వందల ఏళ్లంటే ప్రభుత్వాలు పక్కకు తప్పుకోవు. విగ్రహాలు, వేదికలు, కమిటీలు వస్తాయి, ఎవరి విగ్రహం అనే తగవుతో సహా. 2004 నాటి తేలికైన పద్ధతి ఆ బరువు కింద నిలుస్తుందా అన్నది అసలు పరీక్ష. ఈలోగా తెలుగు సంఘాలు చేయగల పని ఒకటుంది, ఏ కమిటీ అవసరం లేనిది. దేవరాజ మొదలి వీధిలోని పట్టణం కోవెల దగ్గర మొదలుపెట్టి, అంకభూపాలుడి పద్యం అక్కడే చదివి, తంబుచెట్టి వీధి మీదుగా కోట దాకా నడిచి, చివరికి రాయపేట హైరోడ్డులోని శ్రీరాములు స్మారక భవనం చేరేలా ఒక నడక. వ్యాఖ్యానం తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి, వచ్చేవారిలో రెండు భాషలవారూ ఉంటారు. ఆగస్టు ఉక్కపోతకు పొద్దున ఆరింటికే బయల్దేరడం మంచిది.